గాంధిమతి పోసిన నీళ్ళు

విరుదునగరం బయట, హైవే పక్కనున్న ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పొద్దున్నే అడుగుపెట్టిన వాళ్ళెవరైనా ఒక్కసారైనా జారి ఉంటారు. నేలంతా తడిగా ఉండేది. అటెండరు గాంధిమతి ఇరవై మూడేళ్ళుగా తలుపు తీయగానే చేసే మొదటి పని అదే. బక్కెట్టు నిండా నీళ్ళు పట్టుకొచ్చి, మగ్గుతో నాలుగు మూలలా చల్లి, ఆ తరవాతే చీపురు ముట్టుకునేది. ల్యాబ్ అసిస్టెంటు గోవిందరాజ్ ఒకసారి వెల్లకిలా పడి, నడుం పట్టుకుని లేచి, "నీకేమైనా పిచ్చా?" అని తమిళంలో నాలుగు తిట్లు తిట్టాడు. ఆవిడ మర్నాడు మళ్ళీ చల్లింది.

పిచ్చి అనుకుంటే అనుకోండి. కానీ ఆ పిచ్చి ఎక్కడ పట్టిందో తెలుసుకుని అనండి.

గాంధిమతిది కోవిల్‌పట్టి. ఆ ఊళ్ళో అగ్గిపెట్టెలు చేసే చోటుని ఎవరూ ఫ్యాక్టరీ అనరు, తీపెట్టి ఆఫీసు అంటారు. ఆఫీసంటే కుర్చీలూ ఫ్యానులూ అనుకునేరు. రేకుల షెడ్డు, గోనె పట్టాల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళు, చెక్క చట్రాల్లో పుల్లలు అమర్చే వేళ్ళ చప్పుడు. చివరి షెడ్డులో పుల్లల తలలకి అంటించే మందు కలుపుతారు. గాంధిమతి తల్లి అంగమ్మాళ్ అక్కడే పనిచేసేది. ఆ మందు జిగురులో తడిగా ఉన్నంతసేపూ మట్టిముద్ద. ఎండి పొడిగా రాలిందా, దాని మీద చెప్పు రాసుకున్నా చాలు, భగ్గుమంటుంది. అందుకే ఆ షెడ్డులో నేల తడపకుండా చీపురు పట్టకూడదు. అంగమ్మాళ్ కూతుళ్ళిద్దరికీ ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పిన మాట ఒక్కటే: "ఎండినదానికి బయపడండి. ఏదైనా సరి, ముందు నీళ్ళు పొయ్యండి. తడిసినాక అది ఏమీ సెయ్యదు."

గాంధిమతికి పదకొండేళ్ళప్పుడు, ఒక ఏప్రిల్ నెలలో, ఊళ్ళో పన్నెండు రోజులు నీళ్ళు రాలేదు. కోవిల్‌పట్టిలో అదేం కొత్త కాదు, వీధి పొడుగునా ఖాళీ బిందెలు వరసలో నిలబడి ఉండేవి. ఆఫీసులో తొట్టి అడుగంటింది. మేనేజరు మాత్రం షెడ్డు శుభ్రం చెయ్యమన్నాడు. అమ్మతో పాటు అక్కడే పనిచేసే అక్క తాయమ్మాళ్‌కి పద్నాలుగేళ్ళు. పొడి నేల మీద చీపురు పట్టింది. ఆ తరవాత జరిగింది గాంధిమతి ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను. సగం కాలిన ఓణీ అంచు ఒకటి వాళ్ళమ్మ చాలాకాలం దాచుకుందని మాత్రం తెలుసు.

అందుకని గాంధిమతికి నీళ్ళంటే నీళ్ళు కాదు, అక్క ప్రాణం. పెళ్ళయ్యాక తీపెట్టి ఆఫీసు నుంచి బయటపడి, ఎవరి కాళ్ళో పట్టుకుని ఈ కాలేజీలో అటెండరుగా చేరినప్పుడు, ఆ బుద్ధీ వెంటే వచ్చింది. గాజు సామాన్లు కడగడం, సీసాలు సర్దడం, బల్లలు తుడవడం ఆవిడ పని. పిల్లలు వాడి వదిలేసిన టెస్ట్‌ట్యూబులో ఏముందో ఆవిడకి తెలియదు. అడిగేది కూడా కాదు. ముందు అందులో నీళ్ళు పోసేది, తరవాత కడిగేది. అప్పుడప్పుడు గాజు వెచ్చబడేది, ఒకటి రెండు సార్లు చుర్రుమంది. అడుగున చుక్కో రెండు చుక్కలో మిగిలినవే కదా, ఏమీ కాలేదు. చేతి మీద ఆసిడ్డు పడిందని పిల్లలు ఏడుస్తూ వస్తే చెయ్యి లాగి కుళాయి కింద పెట్టేది. తగ్గిపోయేది. ఇరవై మూడేళ్ళు ఆవిడ నమ్మకం ఒక్కసారి కూడా తప్పలేదు. అదే వచ్చిన తంటా.

శివరంజని ఆ కాలేజీలో ఆలస్యంగా చేరింది. కోవిల్‌పట్టి పిల్లే, గాంధిమతి వీధికి రెండు వీధుల అవతల. తండ్రి లేడు. తల్లి పాప్పా తీపెట్టి ఆఫీసులో పెట్టెలు నింపుతుంది. దగ్గరి కాలేజీలో కెమిస్ట్రీ దొరక్క, క్లాసులు మొదలైన పది రోజులకి విరుదునగరంలో ఒక సీటు ఖాళీ అయితే పరుగున వచ్చి చేరింది. పొద్దున ఏడున్నర బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. దారిలో సాత్తూరు దాటినా కబుర్లు తెలుగులోనే. ఇంటి భాష కదా, అది ఇద్దరికీ చదవడం రాదు, రాయడం రాదు, మాట్లాడ్డం తప్ప. కాలేజీ గేటు దాటగానే ఇద్దరూ తమిళంలోకి మారిపోయేవాళ్ళు. బస్సులో "అత్తా" అని పిలిచే పిల్ల ల్యాబులో అందరితో పాటు "అక్కా" అనేది.

"అత్తా, నేను పాసైతే తీపెట్టి ఆఫీసుకే పోతాను తెలుసా?" అంది ఒకరోజు.

"సీ! ఆడికా? దానికా ఇంత సదువు?"

"పుల్లలు పేర్చేదానికి కాదత్తా. మందు పరీక్ష సేసే ల్యాబు ఉంటాది కదా, దాంట్లో. తెల్ల కోటు ఏసుకుని. మా అమ్మ పనిసేసే ఆఫీసుకి పోయి, నేల తడిపినారా లేదా అని ఆ మేనేజరుని నేనే అడుగుతాను."

గాంధిమతి ఆ మాటకి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల సొంత బిడ్డ అయిపోయింది.

డిపార్ట్‌మెంటు హెడ్డు పాండీశ్వరన్ సారు చెడ్డవాడేం కాదు. ప్రతి యేడూ మొదటి రోజు క్లాసులో నిలబడి జాగ్రత్తలన్నీ చెబుతాడు. ఆసిడ్డుని నీళ్ళలో మెల్లగా పొయ్యాలి, ఆసిడ్డులో నీళ్ళు ఎప్పుడూ పొయ్యకూడదు, పోస్తే అది ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది అని బోర్డు మీద ఇంగ్లీషులో రాసి తమిళంలో వివరిస్తాడు. అయితే అది ఏడాదికి ఒక్కరోజు. పదకొండో రోజు చేరిన పిల్లకి ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఇరవై మూడు నిబంధనలు, చీమ తలలంత అక్షరాలు. పెట్టింది. ఆ కాగితం ఫైల్లోకి పోయింది.

మరి ఆ పిల్లకి ల్యాబులో ఎలా మెలగాలో చెప్పిందెవరు? ఇంకెవరు, గాంధిమతే. మొదటి వారం ఆ పిల్ల బిక్కుబిక్కుమంటూ నిలబడితే పక్కకి వెళ్ళి, చెవిలో, తెలుగులో చెప్పింది.

"బయపడొద్దు బిడ్డా. వాడినాక ఏది మిగిలినా ముందు దాంట్లో నీళ్ళు పోసేయి. తడిసినాక అది ఏమీ సెయ్యదు."

అంగమ్మాళ్ చెప్పినట్టే ఉంది ఆ మాట. ఇంట్లో పాప్పా చెప్పే మాటా అదే. ఇంగ్లీషు కాగితం ఎక్కడ, ఈ మాట ఎక్కడ! పిల్ల నమ్మింది.

రెండో సంవత్సరం ఫిబ్రవరిలో జరిగింది. ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పడుతోంది. మాటిమాటికీ సీసా దగ్గరికి పోవడం ఎందుకని ఆ బల్ల మీది నలుగురూ కలిసి చిక్కటి సల్ఫ్యూరిక్ ఆసిడ్డు చిన్న బీకరులో తెచ్చి పెట్టుకున్నారు. అలా తేకూడదు. అందరూ తెచ్చేవాళ్ళు. గంట కొట్టేసరికి అందులో సగం మిగిలింది. ఆ రోజు బల్ల శుభ్రం చేసే వంతు శివరంజనిది. కళ్ళద్దాలంటారా? ఉన్నాయి. ముప్పై మందికి పన్నెండు. పైనుంచి తనిఖీకి ఎవరైనా వస్తే తప్ప బయటికి రావు, బీరువాలో ఉంటాయి, తాళం గోవిందరాజ్ జేబులో ఉంటుంది. ఆరు నెలలకోసారి వాటి దుమ్ము దులిపేది గాంధిమతే.

గాంధిమతి అప్పుడు కిటికీ దగ్గర ట్యూబులు కడుగుతోంది. శివరంజని మగ్గుతో నీళ్ళు తీసుకుని వెళ్ళడం చూసింది. చూసి, మనసులో మెచ్చుకుంది కూడా. నేర్పినట్టు చేస్తోంది, పిచ్చి తల్లి అనుకుంది. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి అన్నం సయించదు.

పెనం మీద నీళ్ళు చల్లినట్టు ఒక చప్పుడు వచ్చింది. తరవాత కేక.

అందరూ వెనక్కి పరుగెత్తారు. గాంధిమతి ముందుకి పరుగెత్తింది. పిల్ల జుట్టు పట్టి లాక్కొచ్చి మొహం కుళాయి కింద పెట్టి, రెప్పలు వేళ్ళతో విడదీసి, ఆంబులెన్సు వచ్చేదాకా అరగంట సేపు కదలనివ్వలేదు. తన వేళ్ళు కాలుతున్న సంగతి కూడా తెలియలేదు. "అత్తా, కనపల్లేదత్తా," అని ఆ పిల్ల అందరి ముందూ తెలుగులో అరుస్తూనే ఉంది.

మదురై కంటి ఆస్పత్రిలో కుడి కన్ను దక్కిందన్నారు. ఎడమ కన్ను పోయింది. అరగంట నీళ్ళు పోసి ఉండకపోతే రెండూ పోయేవట.

మూడో రోజున కాలేజీలో విచారణ. ముగ్గురు సార్లు వరసగా కూర్చుని గాంధిమతిని నిలబెట్టి తమిళంలో అడిగారు. ఆసిడ్డులో నీళ్ళు పొయ్యకూడదని ఆవిడకి సరిగ్గా అర్థమైంది ఆ గదిలోనే. పాండీశ్వరన్ సారు చదివి వినిపించాడు, ఇది నిబంధన, ఇది అమ్మాయి సంతకం, అయినా దాన్ని మీరి పోసింది అని.

"నువ్వు ఆ అమ్మాయికి ఏమైనా చెప్పావా?" అని అడిగారు.

ఆ మాట విన్నది ఇద్దరే. అది తెలుగులో చెప్పిన మాట, పక్క బల్ల పిల్లలకి చెవిన పడ్డా తెలియని మాట. ఇంటి దగ్గర మొగుడు లక్ష్మణసామి లారీ మీది నుంచి పడి కాలు పనికిరాక మంచం పట్టి ఉన్నాడు. ఇరవై మూడేళ్ళుగా రేపు మాపు అంటున్న పర్మనెంటు ఆర్డరు ఈ జూన్‌లో ఖాయం అన్నారు. వీటన్నిటినీ ఆవిడ ఆ క్షణంలో లెక్కేసుకుందని నేననను. భయపడింది, అంతే.

"లేదు సార్," అంది.

మార్చిలో కాలేజీ వార్షికోత్సవం నాడు గాంధిమతిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. సమయస్ఫూర్తితో విద్యార్థిని చూపు కాపాడిన ఉద్యోగిని అని మైకులో చదివారు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. అదే వారం శివరంజనికి ఉత్తరం పోయింది. నిబంధన ఉల్లంఘించినందువల్ల ఇకపై ల్యాబులోకి అనుమతి లేదు, కావాలంటే ల్యాబు లేని వేరే సబ్జెక్టుకి మారవచ్చు అని. సిగ్గుండాలి రాయడానికి!

ఇంటికొచ్చి శాలువా ఎక్కడ పెట్టాలో తెలియక గాంధిమతి గుమ్మంలోనే నిలబడిపోయింది. సంగతంతా మొగుడికి చెప్పింది.

"నోరు మూసుకో," అన్నాడు లక్ష్మణసామి. "ఆ పిల్లే సెప్పలేదు కదా. నువ్వెందుకు పోయి నోట్లో మన్ను పోసుకుంటావు?"

నిజమే, ఆ పిల్ల చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఆ ప్రశ్నే ఆవిడని నిద్రపోనివ్వలేదు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం, ఇక తట్టుకోలేక, మొహం చెల్లకపోయినా పాప్పా ఇంటికి పోయింది.

పాప్పా ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "వదినా, నువ్వు పోసిన నీళ్ళే నా బిడ్డకి ఒగ కన్నైనా మిగిల్చినాయి. నీ రుణం ఎట్ల తీర్చేది?" అని భోరున ఏడ్చింది.

నేల చీలితే అందులోకి దిగిపోదును అనిపించింది గాంధిమతికి. శివరంజని లోపలి నుంచి చెంబూ లోటా పట్టుకొచ్చింది. ఎడమ చెంప మీద ముడతలు పడ్డ ఎర్రటి మచ్చ, మూసుకుపోయిన రెప్ప. "దాహం తీసుకో అత్తా," అని లోటాలోకి నీళ్ళు వంచింది. నీళ్ళు లోటా పక్కన పడ్డాయి. మళ్ళీ వంచింది. మళ్ళీ పక్కనే. పిల్ల నవ్వబోయింది.

"ఒగే కన్నుతో దూరం తెలియదంటత్తా. మెల్లగా వస్తాదన్నారు డాక్టరు."

గాంధిమతి ఇక ఆగలేకపోయింది. "పాప్పా, నన్ను పొగడొద్దు. నీళ్ళు పొయ్యమని సెప్పింది నేనే. ఆ ఆసిడ్డులో పొయ్యమని నేర్పింది నేనే. విచారణలో అడిగితే లేదంటిని. నీ బిడ్డ కన్ను తీసింది నేనే."

పాప్పా చేతులు వదిలేసింది. తరవాత, తనలో తాను అనుకుంటున్నట్టు, "నీళ్ళు పోస్తే తప్పా? నేనూ అదే కదా సెప్పి పెంచితిని," అంది. అని కొంగు నోట్లో కుక్కుకుని మూలన కూలబడింది. తిట్టినా బాగుండేది.

"నువ్వెందుకే సెప్పలేదు?" అంది గాంధిమతి పిల్లతో. "నా పేరు ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే నిన్ను పంపించేస్తారు కదత్తా. మామకి కాలు లేదు. నాకు పోయింది ఎట్లాగూ పోయింది."

పాపం, పందొమ్మిదేళ్ళ పిల్లకి ఉన్న గుండె యాభై రెండేళ్ళ తనకి లేకపోయింది. మర్నాడు గాంధిమతి బస్సు దిగి సరాసరి పాండీశ్వరన్ సారు గదికి పోయింది. శాలువా మడత పెట్టి బల్ల మీద పెట్టి అంతా చెప్పేసింది.

సారు విని అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఫైలు మూసేశాం గాంధిమతీ. ఇప్పుడు ఇదంతా ఎందుకు? ఆ అమ్మాయి సంతకం పెట్టింది కదా."

"సంతకం పెట్టించిన మీరు చెప్పలేదు సార్. చెప్పిన నా సంతకం మీరు అడగలేదు. ఇప్పుడు అడగండి, పెడతాను," అందావిడ. ఇరవై మూడేళ్ళలో ఆవిడ ఆ గదిలో మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

సంతకం తీసుకున్నారు. పర్మనెంటు ఆర్డరు ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మే నెలాఖరుతో పని కూడా పోయింది. జూన్ రెండో వారంలో రమ్మని కబురు పెట్టి, శివరంజని పేరు మీద ఒక ఉత్తరం చేతికిచ్చారు. కాంట్రాక్టు ఉద్యోగి తప్పుడు సలహా వల్ల ప్రమాదం జరిగింది, విద్యార్థిని తప్పు లేదు, మూడో సంవత్సరం ప్రాక్టికల్స్‌కి రావచ్చు. బీరువాలోని కళ్ళద్దాల గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ పదకొండో రోజు కాగితం గురించీ లేదు. అంతా గాంధిమతి నెత్తినే పడింది. పడితే పడనీ అనుకుందావిడ. ఆ కాగితం జాకెట్లో దాచుకుని మధ్యాహ్నం ఎండలో కోవిల్‌పట్టి బస్సెక్కింది. సాత్తూరు దాటాక తీసి ఒకసారి తడిమి చూసుకుంది. ఎన్నాళ్ళకో కాస్త ఊపిరి ఆడినట్టనిపించింది.

పాప్పా ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ అంది, "తల్లీ బిడ్డా ఇద్దరూ ఆఫీసుకి పోయినారు. పిల్ల కూడా పోతావుంది, నెల దాటింది."

గాంధిమతి ఇరవై మూడేళ్ళుగా ఆ రేకుల షెడ్ల వైపు తొంగి చూడలేదు. ఆ రోజు పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్‌ని బతిమాలి లోపలికి వెళ్ళింది. ఆడవాళ్ళు పుల్లలు అమర్చే వరసలు దాటి, పెట్టెలు నింపే చోటు దాటి, చివరికి మందు కలిపే షెడ్డు దాకా పోయింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

లోపల శివరంజని ఉంది. పావడా ఎగదోపి, చీపురు గోడకి ఆనించి, చేత్తో మగ్గు పట్టుకుని నేల మీద నీళ్ళు చల్లుతోంది.

"బిడ్డా!" అంది గాంధిమతి.

పిల్ల తలంతా తిప్పి కుడి కన్నుతో చూసింది. "అత్తా! ఆడే నిలబడు, లోపలికి రావద్దు. ఇంగా తడవలేదు."

గాంధిమతి ఉత్తరం చాచింది. శివరంజని చెయ్యి తుడుచుకుని వచ్చి, కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, చివరిదాకా చదివింది. మళ్ళీ మడిచి ఆవిడ చేతికే ఇచ్చింది.

"నీ పని పోయిందా అత్తా?"

"నా పని మన్నైపోనీ. నువ్వు పోవే. నీ తప్పు లేదని రాసినారు. మళ్ళీ ల్యాబుకి పోవచ్చు. తెల్ల కోటు..."

"పోతిని అత్తా, మనసులో ఎన్ని తూర్లు పోతినో," అంది శివరంజని. "ఇంట్లో లోటా పెట్టుకుని రోజూ పోసి చూస్తాను. ఇంగా పక్కనే పడతావుంది. ఆడ పక్కన పడితే ఎవరి మీద పడుతుందో."

గాంధిమతి అడుగు ముందుకేసి మగ్గు లాక్కోబోయింది. "ఇయ్యి, నేను సల్లుతాను. నువ్వు ఈడ ఉండొద్దు."

పిల్ల ఇవ్వలేదు. వెనక్కి తిరిగి బక్కెట్టులో మగ్గు ముంచి, చెయ్యి చాపి, మూలకి విసిరింది. నీళ్ళు సగం గోడ మీద, సగం నేల మీద పడ్డాయి.

"ఈడ ఎట్ల పోసినా పరవాలేదత్తా," అంది.